ఫ్రాన్సులో కార్లు లేని సైకిల్ దారులు: చిన్న పిల్లలతో భయం లేకుండా తొక్కగలిగేవి ఏవి?

ఇద్దరమ్మాయిల_నాన్న
పోయిన వేసవిలో గట్టి దెబ్బ తిన్నాం. ఒక వెబ్‌సైటులో "కుటుంబాలకు అనువైన సైకిల్ మార్గం" అని ఉంటే నమ్మి, ఇంగ్లండు నుంచి నాలుగు సైకిళ్లు వేసుకుని ఫ్రాన్సు వెళ్లాం. మొదటి రోజు నది పక్కన, చెట్ల నీడన హాయిగా సాగింది. రెండో రోజు మధ్యాహ్నం బాణం గుర్తు చూసుకుంటూ మలుపు తిరిగితే, దారి కాస్తా మామూలు రోడ్డులో కలిసిపోయింది. సైకిళ్లకు గీత లేదు, పక్కకు తప్పుకోవడానికి అంచు లేదు. ధాన్యం లారీ ఒకటి పక్కనుంచి దూసుకుపోతే ఆ గాలికి మా చిన్నదాని సైకిల్ ఊగిపోయింది. దానికి ఏడేళ్లు. సైకిల్‌ను గడ్డిలో పడేసి కూర్చుంది, ఇక ఎక్కనంది. నాలుగు కిలోమీటర్లు నడిపించుకుంటూ వెళ్లాం. మిగతా యాత్ర అక్కడితో ఆగిపోయింది.

ఈసారి మళ్లీ వెళ్లాలి, దాని భయం పోగొట్టాలి. పెద్దదానికి పదకొండేళ్లు. రోజుకు 20 నుంచి 25 కి.మీ. తొక్కుతాం, నాలుగైదు రోజులు చాలు. కార్లు తక్కువగా తిరిగే దారులు చెప్పకండి. అసలు తిరగనివి కావాలి. మీరు స్వయంగా తొక్కినవైతే మరీ మంచిది.

పెడల్_పంతులు
మీకు జరిగినదానికి మూలం ఒక్క మాటలో ఉంది. ఫ్రాన్సులో రెండు వేరు వేరు సంగతులను కలిపి రాసేస్తుంటారు. ఒకటి "వ్వా వెర్త్", అంటే పచ్చ దారి. 2004 నుంచి దీనికి అక్కడి రోడ్డు నిబంధనల్లోనే నిర్వచనం ఉంది. మోటారు లేని బండ్లు, పాదచారులు, గుర్రపు స్వారీ చేసేవాళ్లు, వీళ్లకే ప్రవేశం. మొదట్లో నీలం రంగు చదరపు బోర్డు ఉంటుంది, దాని మీద నడిచే మనిషి, సైకిల్ బొమ్మలుంటాయి. రెండోది "వెలోరూత్". ఇది ఒక ఊరి నుంచి మరో ఊరికి గుర్తులు పెట్టిన సైకిల్ మార్గం, అంతే. అందులో పచ్చ దారి ముక్కలు ఉంటాయి, పొలాల మధ్య చిన్న రోడ్లు ఉంటాయి, ఊరి వీధులు ఉంటాయి. పేరున్న పెద్ద మార్గాలన్నీ ఈ రెండో రకమే.

అందుకని మార్గం పేరు చూసి బయలుదేరకూడదు. ఆ మార్గంలో పచ్చ దారి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మ్యాపులో చూసుకుని, ఆ ముక్క మీదే యాత్ర కట్టుకోవాలి. పిల్లలతో 100 కి.మీ. అవసరం లేదు, 45 కి.మీ. ముక్క దొరికితే రాను పోను కలిపి నాలుగు రోజులు.

లువార్_ఒడ్డున
ఇంత ఆలోచన ఎందుకు, లువార్ నది వెంట వెళ్లండి. నెవేర్ దగ్గర నుంచి అట్లాంటిక్ సముద్రం దాకా దాదాపు 900 కి.మీ., అడుగడుగునా గుర్తులు. బ్లువా నుంచి సోమూర్ దాకా మా అబ్బాయితో తొక్కాం, వాడికప్పుడు తొమ్మిదేళ్లు. కోటలు, ద్రాక్షతోటలు, నది మధ్యలో ఇసుక తిన్నెలు. వేసవిలో సైకిళ్లు ఎక్కించుకోవడానికి ప్రత్యేక ఏర్పాటున్న రైళ్లు కూడా నడుస్తాయి. పిల్లవాడు అలిసిపోతే రైలెక్కేయవచ్చు.

ఎర్రగంప
పైన పంతులుగారు చెప్పింది చదివాకా మళ్లీ లువారేనా? నేనూ తొక్కాను, నాకూ ఎంతో ఇష్టం. కానీ అందులో చాలా భాగం చిన్న రోడ్ల మీదే, కొన్నిచోట్ల వరద గట్టు మీది రోడ్డు మీద కూడా. ఆ గట్టు రోడ్లు మలుపుల్లేకుండా తిన్నగా ఉంటాయి, కార్లు వేగం తగ్గించవు. పెద్దవాళ్లకు ఏమీ అనిపించదు. లారీ గాలికి భయపడిన ఏడేళ్ల పిల్లను మళ్లీ అక్కడికి తీసుకెళ్తే అది సైకిల్‌నే వదిలేస్తుంది.

లువార్_ఒడ్డున
మాకు ఒక్క లారీ కూడా ఎదురు రాలేదు మరి.

ఎర్రగంప
మీరు వెళ్లింది ఆదివారమో, మధ్యాహ్నం భోజనాల వేళో అయి ఉంటుంది. కోతల రోజుల్లో మంగళవారం ఉదయం వెళ్లి చూడండి.

కొబ్బరిమట్ట
కార్లు ఒక్కటి కూడా ఉండకూడదన్న పట్టుదల నాకు అర్థం కాదు. ఫ్రాన్సు పల్లెల అందమంతా ఆ చిన్న డిపార్ట్‌మెంటు (జిల్లా) రోడ్లలోనే ఉంది. గంటకు మూడు కార్లు వస్తాయి. ఊరి బయట సైకిల్‌ను దాటాలంటే మీటరున్నర దూరం వదలాలని చట్టం, చాలామంది పాటిస్తారు కూడా. కాలువ గట్టు మీద రోజంతా తొక్కితే ఏముంది? ఎడమ పక్క నీళ్లు, కుడి పక్క చెట్లు, ఎదురుగాలి. రెండో రోజుకే విసుగు పుడుతుంది.

ఇద్దరమ్మాయిల_నాన్న
@కొబ్బరిమట్ట మీ మాట నాకు వర్తిస్తుంది, నా కూతురికి వర్తించదు. గంటకు మూడు కార్లంటే ఇరవై నిమిషాలకొకటి. ఆ ఇరవై నిమిషాలూ అది వెనక్కి తిరిగి చూస్తూనే తొక్కుతుంది. నాకు కావలసింది అది వెనక్కి చూడని దారి.

కొబ్బరిమట్ట
ఒప్పుకుంటున్నాను. అలా ఆలోచించలేదు.

క్లూనీ_కబుర్లు
అయితే తూర్పు ఫ్రాన్సులోని బుర్గోన్యు (బర్గండీ) వెళ్లండి. జివ్రీ నుంచి క్లూనీ దాకా 44 కి.మీ., ఫ్రాన్సులో మొట్టమొదటి పచ్చ దారి ఇదే, 1997లో తెరిచారు. మొత్తం తారు, మొత్తం పాత రైలు మార్గం.

పాత రైలు మార్గం ఎందుకంటున్నానంటే, 1879 ప్రాంతంలో ఫ్రేసినే అనే మంత్రి చిన్న చిన్న పట్టణాలకు కూడా రైలు చేర్చాలని పెద్ద పథకం పెట్టాడు. ఆ కాలంలో చాలా పల్లెలకు పట్టాలు వేశారు. తర్వాత బస్సులు, కార్లు వచ్చాక రైళ్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి, పట్టాలు పీకేశారు. దారి మాత్రం మిగిలింది. ఆవిరి ఇంజను ఎత్తు ఎక్కలేదు కాబట్టి కొండ వస్తే కోసేశారు, లోయ వస్తే కట్ట పోశారు. ఆ పుణ్యమంతా ఇప్పుడు మన మోకాళ్లకు దక్కుతోంది. పాత స్టేషన్లు కొన్నిచోట్ల సైకిళ్లు అద్దెకిచ్చే దుకాణాలో కాఫీ హోటళ్లో అయ్యాయి. ప్లాట్‌ఫారం అంచు మీద కూర్చుని, కాళ్లు పట్టాలుండే చోట వేలాడేసి అన్నం తినవచ్చు. మా పిల్లలకు కోటలకన్నా అదే నచ్చింది.

క్లూనీ దాటి మాకోన్ వైపు వెళ్తే బువా క్లేర్ సొరంగం వస్తుంది. 1.6 కి.మీ. పొడవు, లోపల చల్లగా ఉంటుంది, వేసవిలో కూడా స్వెటర్ దగ్గర పెట్టుకోండి. చలికాలంలో గబ్బిలాలు అక్కడ నిద్రపోతాయి కాబట్టి మూసేస్తారు. అప్పుడు కొండ మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి.

ఎర్రగంప
గబ్బిలాల కోసం దారి మూసేయడం ఎంత బాగుందో.

బ్రెతాన్_జల్లు
నా ఓటు కాలువలకే. ఫ్రాన్సు పడమటి కొసన నాంత్ నుంచి బ్రెస్ట్ దాకా వెళ్లే కాలువ, దాదాపు 360 కి.మీ. నెపోలియన్ కాలంలో ఇంగ్లండు నౌకలు సముద్రం మీద దారి కాస్తుంటే, తీరం తగలకుండా లోపలి నుంచి రేవులను కలపాలని తవ్వడం మొదలుపెట్టారు. తర్వాత గేర్లెదాన్ దగ్గర ఆనకట్ట కడితే కాలువలో ఒక ముక్క జలాశయంలో మునిగిపోయింది. అందుకే ఇప్పుడు పడవలు ఈ కొస నుంచి ఆ కొసకు పోలేవు, సైకిళ్లు పోగలవు.

రెదోం నుంచి మాలెట్రువా, అక్కడి నుంచి జోస్లాం, అది పిల్లలకు సరిపడే ముక్క. జోస్లాం కోట గోపురాలు నీళ్ల అంచునే లేస్తాయి. కాకపోతే నా పేరులోనే ఉంది కదా, వాన పడుతుంది. ఆ దారి తారు కాదు, గులకా ఇసుకా కలిపి దట్టించింది. రెండు గంటల వాన తర్వాత మడ్‌గార్డు లేని సైకిల్ తొక్కితే వీపు మీద బురద గీత గీస్తుంది. టైరు 35 మి.మీ. కన్నా సన్నగా ఉండకూడదు.

కొబ్బరిమట్ట
మా అబ్బాయి ఒకసారి లాకు (పడవలను ఎక్కించి దించడానికి నీటి మట్టం మార్చే తలుపుల కట్టడం) దగ్గర నిలబడి, పడవ అలా కిందికి దిగిపోతుంటే "నీళ్లన్నీ ఎవరు తాగేశారు?" అని అడిగాడు. కాలువలు విసుగని పైన రాశాను గానీ, ఆ లాకు దగ్గర మేం గంటన్నర ఉన్నాం. అది గుర్తొచ్చి చెబుతున్నాను.

తులూజ్_కోడలు
లాకుల మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పాలి. కాస్త పెద్దదే రాస్తాను.

మా అత్తయ్యగారు రాజోలు నుంచి పోయిన మే నెలలో మా దగ్గరకు వచ్చారు. అరవై నాలుగేళ్లు. చిన్నప్పుడు బడికి సైకిల్ మీద వెళ్లారట, పెళ్లయ్యాక ముట్టుకోలేదు. ఆవిడకు బ్యాటరీ సైకిల్ అద్దెకు తీసుకుని, ఇక్కడ దక్షిణ ఫ్రాన్సులోని కనాల్ దు మిదీ అనే కాలువ గట్టు మీదికి తీసుకెళ్లాం. తులూజ్ ఊరి మధ్య నుంచి పోర్ లొరాగే దాకా దాదాపు 50 కి.మీ. తారు వేసిన గట్టు. కార్లు లేవు. పియేర్ పోల్ రికే అనే ఆయన 1666లో మొదలుపెట్టించాడు, 1681కి పడవలు నడిచాయి. మొత్తం 240 కి.మీ. పూర్తయ్యే కొద్ది నెలల ముందు ఆయన పోయాడు.

ఒక పాత రాతి వంతెన కింద నీడ ఉంటే ఆగాం. అత్తయ్య దిగి వంతెన మూల రాయిని తడిమి చూస్తున్నారు. దగ్గరకు వెళ్లి చూస్తే ఆ రాతి అంచు మీద అడ్డంగా గాళ్లు పడి ఉన్నాయి, ఒక్కోటి నా చిటికెన వేలు పట్టేంత. లోపల నున్నగా, గాజులా ఉంది. "ఇది తాడు కోసింది" అన్నారు ఆవిడ. గుర్రాలు గట్టు మీద నడుస్తూ పడవను లాగేటప్పుడు, వంతెన దగ్గర తడి తాడు ఆ అంచుకు రాసుకుని రాసుకుని రాయిని కోసింది. ఎవరూ చెప్పలేదు, బోర్డు లేదు. ఎలా తెలిసిందని అడిగితే, వాళ్ల తాతగారు గోదావరి కాలువ మీద పడవ నడిపేవారట. గాలి పడిపోతే మనుషులే గట్టు మీదికి దిగి భుజానికి తాడు వేసుకుని లాగేవారట. లాకుల దగ్గర పడవలు వరసలో ఆగితే అక్కడే వంటలు, అక్కడే నిద్ర. ఆ రోజంతా ఆవిడ ప్రతి లాకు దగ్గరా దిగారు. తలుపులు ఎలా తెరుచుకుంటాయో మా ఆయనకు ఆవిడే వివరించారు.

ఇప్పుడు పని మాట. పోర్ లొరాగే దాటాక కొన్నిచోట్ల గట్టు గరుకుగా ఉంటుంది, చెట్ల వేళ్లు లేచి ఉంటాయి. పిల్లలతో అక్కడే వెనక్కి తిరగండి. రెండో సంగతి, నీడ. ఈ కాలువ వెంట సుమారు 42,000 ప్లేన్ చెట్లుండేవి. 2006లో ఒక శిలీంధ్రపు తెగులు కనబడింది, దానికి మందు లేదు. తెగులు పట్టిన చెట్టునే కాక పక్క చెట్లను కూడా కొట్టి తగలబెట్టాల్సి వస్తోంది. కొత్త మొక్కలు వేశారు, అవి నీడనివ్వడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది. జులై, ఆగస్టుల్లో ఆ ఖాళీ చోట్ల ఎండ మాడ్చేస్తుంది. మే, జూన్ లేదా సెప్టెంబరు మేలు.

యానాం_వాసి
మీ అత్తయ్యగారి కథ చదివి మా అమ్మకు వినిపించాను. గట్టు మీద తాడు లాగేవాళ్లను తానూ చూశానంది.

ఆ గట్టు దారిని ఫ్రెంచిలో "షెమాం ద అలాజ్" అంటారు. అలాజ్ అంటే లాగడం. ఇక్కడ మన మనుషులు లాగారు, అక్కడ వాళ్ల గుర్రాలు లాగాయి, దారికి ఆ పేరు మాత్రం అక్కడే మిగిలింది.

మా ఊరు 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉంది కాబట్టి ఇంట్లో ఇద్దరు ముగ్గురికి భాష వచ్చు. సైకిల్ మీద వెళ్లేవాళ్లకు తప్పనిసరిగా తెలియాల్సినవి నాలుగు: "రూత్ బారే" అంటే దారి మూసేశారు. "దేవియాసియోం" అంటే చుట్టుదారి, దీన్ని గుడ్డిగా పట్టుకోకండి, అది కార్ల కోసం పెట్టిందైతే పెద్ద రోడ్డు ఎక్కిస్తుంది. "ఓ పొతాబ్ల్" తాగే నీళ్లు. మధ్యలో "నోం" ఉంటే తాగకూడదు.

నీళ్లంటే గుర్తొచ్చింది, పల్లెల్లో శ్మశానం దగ్గర కుళాయి ఉంటుంది, పువ్వులకు పోయడానికి. సైకిల్ యాత్రికులు చాలామంది సీసాలు నింపుకునేది అక్కడే. తాగకూడదన్న బోర్డు లేదని చూసుకుని పట్టుకోండి.

ఎర్రగంప
మా అత్తగారైతే శ్మశానం నీళ్లంటే ముట్టుకునేవారు కాదు.

తులూజ్_కోడలు
మా అత్తయ్య సీసా కడిగి, కళ్లకద్దుకుని తాగారు.

శాకాహారి_చక్రం
తిండి సంగతి ఎవరూ చెప్పడం లేదు. పల్లెల్లో దుకాణాలు మధ్యాహ్నం పన్నెండున్నరకు మూస్తే మళ్లీ మూడింటికో నాలుగింటికో తెరుస్తారు. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం వరకు చాలాచోట్ల ఏమీ దొరకదు. బ్రెడ్డు దుకాణం ఉదయమే చూసుకోవాలి. మేము ఆవపెట్టిన పులిహోర డబ్బాలో తీసుకెళ్లాం, రెండో రోజుకు కూడా బాగుంది. శిబిరంలో పక్క గుడారం వాళ్లు వాసనకు వచ్చి అడిగి తిన్నారు, వాళ్ల పీచ్ పళ్లు మాకిచ్చారు.

బస కోసం "అక్కెయ్ వెలో" గుర్తున్న ఇళ్లూ శిబిరాలూ వెతకండి. సైకిల్ మార్గానికి 5 కి.మీ. లోపలే ఉంటాయి, సైకిళ్లకు తాళం వేసే గది, పనిముట్ల పెట్టె ఉంటాయి.

పెడల్_పంతులు
కనాల్ దు మిదీ కన్నా తులూజ్‌కు అవతలి వైపు వెళ్లే గారోన్ కాలువ పిల్లలకు ఇంకా నయం. 193 కి.మీ., దాదాపు మొత్తం తారు. మువాసాక్, ఆజెన్ మీదుగా పోతుంది. ఆజెన్ దగ్గర కాలువ గారోన్ నది మీదుగా దాటుతుంది. 23 కమానుల వంతెన, 539 మీటర్లు, పైన నీళ్లు, కింద నీళ్లు, మధ్యలో మీరు. కోనసీమలో గన్నవరం అక్విడక్టు చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ఒక్క హెచ్చరిక. కాలువ గట్ల మీద లాకు సిబ్బంది బండ్లు అప్పుడప్పుడూ తిరుగుతాయి. మెల్లగా వస్తాయి, కానీ చిన్నమ్మాయికి ముందే చెప్పి ఉంచండి. చెప్పకపోతే మోసపోయానని అనుకుంటుంది.

సస్సెక్స్_సైకిల్
అందరూ దక్షిణం గురించే రాస్తున్నారు. అడిగినాయన ఉండేది ఇంగ్లండులో కదా! న్యూహేవెన్‌లో ఓడ ఎక్కండి, నాలుగు గంటల్లో ఫ్రాన్సు రేవు దియెప్. లండన్ నుంచి పారిస్ దాకా వేసిన సైకిల్ మార్గంలోని పచ్చ దారి అక్కడికి దగ్గర్లోనే, ఆర్క్-లా-బతాయ్‌లో మొదలవుతుంది. అక్కడి నుంచి ఫోర్జ్-లెజ్-ఓ దాకా పాత రైలు దారి, 40 కి.మీ. పైచిలుకు, నున్నటి తారు. ఆవుల మేత పొలాలు, ఆపిల్ తోటలు. మధ్యలో నెఫ్‌షాతెల్ అనే ఊరు, అక్కడి చీజ్ గుండె ఆకారంలో ఉంటుంది.

మార్గమంతా పచ్చ దారి అనుకోకండి, ఫోర్జ్ దాటితే మళ్లీ రోడ్లే. దియెప్ రేవు నుంచి ఆర్క్ దాకా కూడా ఊరి దారులున్నాయి, అక్కడ కాలిబాట మీద నడిపించుకుని వెళ్లినా తప్పు లేదు. వెళ్లేటప్పుడు కాళ్లకు తెలియనంత మెల్లగా ఎత్తు ఎక్కుతుంది. తిరిగి వచ్చేటప్పుడు సముద్రం దాకా అదే మెల్లగా దిగుతుంది. భయపడిన పిల్లకు ఆ దిగుడు మంచి మందు.

ఇద్దరమ్మాయిల_నాన్న
ఇదే. జూన్ మొదటి వారానికి ఓడ టిక్కెట్లు తీసుకుంటున్నాను. వచ్చాక రాస్తాను.

ఇద్దరమ్మాయిల_నాన్న
వెళ్లి వచ్చాం. నాలుగు రోజులు, రాను పోను కలిపి.

@సస్సెక్స్_సైకిల్ చెప్పినట్టే రేవు దగ్గర దిగి నడిపించుకుని వెళ్లాం. పచ్చ దారి మొదట్లో నీలం బోర్డు కనబడగానే చిన్నది దగ్గరకు వెళ్లి బొమ్మలన్నీ వేలితో చూపించుకుంది. "ఇక్కడ కారు బొమ్మ లేదు" అంది. మొదటి గంట మాత్రం ముప్పై గజాలకోసారి తల తిప్పి చూసింది. నెఫ్‌షాతెల్ చేరేటప్పటికి అక్కను దాటి ముందుకు పోయింది. నేను వెనక నుంచి చూస్తూ తొక్కాను. తల తిప్పలేదు.

తర్వాత వెళ్లేవాళ్లకు రెండు మాటలు. పల్లె రోడ్లు పచ్చ దారిని అడ్డంగా దాటుతాయి. ప్రతి చోటా కర్రల గేటు ఉంటుంది, సంచులు కట్టిన సైకిల్‌ను వంకరగా తిప్పి దూర్చాలి. వెనక తోక బండి తగిలించుకునేవాళ్లకు ఇది నిజంగా కష్టం. ఇంకొకటి, ఆ గేట్ల దగ్గర పిల్లలను ఆపి, కలిసి దాటించండి. కార్లు లేవన్న ధీమాతో తోసుకుపోతారు.

మూడో రోజు వాన. పాత స్టేషన్ చూరు కింద గంటసేపు నిలబడి పులిహోర తిన్నాం, @శాకాహారి_చక్రం గారికి కృతజ్ఞతలు. చివరి రోజు దియెప్ వైపు దిగుతుంటే చిన్నది పెడల్ తొక్కకుండా ఎంత దూరం పోగలదో లెక్కపెట్టింది. నూట పద్నాలుగు దాకా వచ్చిందట.

ఇప్పుడు అది అడుగుతున్నది తాడు కోసిన రాయి ఎక్కడుందని. ఆ కథ చదివి వినిపించాను.

తులూజ్_కోడలు
వచ్చే మే నెలలో రండి. సైకిళ్లు మా గ్యారేజీలో పెట్టుకోవచ్చు. అత్తయ్యగారూ అప్పటికి మళ్లీ వస్తున్నారు. మీ చిన్నమ్మాయికి ఆ గాళ్లు తానే చూపిస్తానన్నారు, తన వేలు పట్టిన గాడిలో దాని వేలు ఎంత లోపలికి పోతుందో చూడాలట.